పంగిడి కొండమీద ఒక పూట

మా పాఠశాలలో నేను తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పుదును. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినములలో ఆ పాఠము కూడ నా మెడకే చుట్టుకొనును. కిందటి కార్తికమాసమున అట్టి దినమొకటి వచ్చినది. పుస్తకములోని పాఠము పిల్లలకు రుచింపకుండుట చూచి, దానిని మూసివైచి, నేను చదివిన యొక ప్రయాణకథను చెప్పితిని. అది ఆర్మీనియా దేశములోని అరగత్సు పర్వతము నెక్కిన యొక బాటసారి కథ. ఆ కొండ చల్లారిన అగ్నిపర్వతము. దానికి నాలుగు శిఖరములు. అన్నింటిలో పెద్దది 4,090 మీటర్ల యెత్తు. నాలుగవ శతాబ్ది ప్రారంభమున ఆ దేశమును క్రైస్తవము చేసిన గ్రెగరీ మహర్షి ఆ శిఖరముపై ప్రార్థన చేయుచుండగా, రాత్రివేళ ఆకాశమునుండి త్రాడు లేని దీపమొకటి వ్రేలాడుచు వెలుగునిచ్చెనట. యోగ్యులకు నేటికిని ఆ దీపము కనబడునని అచ్చటివారి నమ్మిక. అల్లంత దూరమున, సరిహద్దున కావల, నోవహు నావ నిలిచిన దనెడి అరరాతు కలదు.

ఆర్మీనియనులు మనకు కేవలము క్రొత్తవారు కారు. చెన్నపట్టణమున వారి పేరిట వీధియు, దేవాలయమును ఉన్నవి. వారి భాషలో ప్రపంచమునందలి మొట్టమొదటి పత్రిక అచ్చుపడినది వారి దేశమున గాదు, 1794లో చెన్నపట్టణమున. ఈ సంగతియు పిల్లలకు చెప్పితిని. కాని పిల్లలకు పత్రికతో పనిలేదు. నిప్పు కక్కు కొండతోనే పని.

"మాస్టారూ, మన దగ్గర అగ్నిపర్వతం లేదా?" అని వెనుక బల్లమీది కుర్రవాడు లేచి అడిగెను.

"లేదు. మన దేశానికంతకూ మండేది ఒక్కటే, అండమానుల్లో బారెన్ ద్వీపం. మనది డెల్టా. ఇక్కడ బురద తప్ప నిప్పెక్కడిది?" అని నేను నిశ్చయముగా చెప్పితిని. మా తాడేపల్లిగూడెమున నిలిచి చూచినవాని కంతకంటె మరియొక మాట తోచదు. దక్షిణమున ఏలూరు కాలువ, వరిచేలు, ఊరినడుమ ఉల్లిపాయల బస్తాలు, ఊరిపేరులోనే తాడిచెట్టు. కొండ యనునది మాకు సినిమాలలోని వస్తువు.

అప్పుడు ముందు వరుసలోని యొక బాలిక చేయి యెత్తినది. దాని తండ్రి టిప్పరు నడుపును. "గౌరీపట్నం నల్లకంకర లావా అంటండీ. కాలేజీ వాళ్ళు క్వారీకి వచ్చి సుత్తులతో కొట్టుకుని పట్టుకెళ్ళారంట. మా నాన్న చెప్పాడు."

తరగతి నా వంక చూచినది. "విచారించి రేపు చెప్పెదను" అంటిని. ఉపాధ్యాయవృత్తిలో నేను నేర్చిన యేకైక మంచిగుణ మది.

ఆ రాత్రి చదివి తెలిసికొంటిని. బాలిక చెప్పినది అక్షరాల నిజము. కొవ్వూరునకు పడమట పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు గ్రామముల చుట్టునుగల నల్లని గుట్టలును, గోదావరి కావలియొడ్డున రాజమహేంద్రవరము దగ్గరి కాతేరు రాళ్లును ఒక్కజాతివి. భూగర్భశాస్త్రజ్ఞులు వానికి రాజమండ్రి ట్రాపులని పేరిడినారు. ట్రాపు అనగా స్వీడను భాషలో మెట్టు. దక్కను పీఠభూమిని కప్పిన లావాపొరలు పడమటికనుమలలో మెట్లుమెట్లుగా కనబడుటచే ఆ పేరు వచ్చినది. ఈ గుట్టలలో రాతిపొరల నడుమ చిక్కుకొన్న గుల్లలను గురించి నాగపురములోని స్టీఫెను హిస్లాపు అను మిషనరీ 1860లోనే లండను పత్రికలో వ్రాసెను. నూటయరువది యేండ్లకు తరువాత ఈ పొరుగుననే పుట్టి, ఎం.ఏ. చదివి, పిల్లలకు పాఠము చెప్పు నాకు తెలియలేదు. టిప్పరు డ్రైవరునకు తెలిసినది.

అయితే ఈ రాతిని కక్కిన కొండ ఇచ్చట లేదు. అది పడమట, సహ్యాద్రులయందు ఉండినది. ఆరుకోట్ల యరువదిలక్షల సంవత్సరముల క్రిందట అచ్చట భూమి నెఱ్ఱెలు విచ్చి కరగిన రాయి పొంగెను. ఆ పొంగులలో కొన్ని వేయి కిలోమీటర్లు తూర్పునకు ప్రవహించి, ఆనాటి సముద్రతీరమైన ఈ చోట చల్లారినవి. 2008లో నలుగురు శాస్త్రజ్ఞులు మహాబలేశ్వరము దగ్గరి రాతిని ఇచ్చటి రాతితో పోల్చిచూచి, రెండింటి రసాయనద్రవ్యములును అయస్కాంతపు పోకడయు ఏకీభవించుచున్నవని చూపి, ఇవి భూమిమీద తెలిసినవానిలో మిక్కిలి పొడవైన లావాప్రవాహము లేమో యని తమ వ్యాసమునకు పేరుగానే ప్రశ్న నుంచిరి. పూర్వపు నదుల లోయలే ఆ నిప్పునకు కాలువలైనవని వారి యభిప్రాయము.

ఈ వాక్యమును చదివినప్పుడు నా చేయి పుటమీదనే నిలిచిపోయినది. పడమటినుండి తూర్పునకు, కొండలలో పుట్టి కొవ్వూరునకు వచ్చి చేరిన యొక ప్రవాహము. ఈ కథను నేనింతకుముందు వినియుంటిని. సరిగా చెప్పవలెనన్న, విననిచ్చియుండలేదు.

మా అమ్మ పుట్టినిల్లు ఆ పంగిడి కొండప్రక్క పల్లె. ఆమె పెద్దగా చదువుకొనలేదు. అయిదవ తరగతిలో మాన్పించి, పదునైదవ యేట పెండ్లిచేసిరి. ఆ కాలపు పెద్దలు చేసిన పనికి నేనేమియు వ్యాఖ్య వ్రాయను. ఈ పత్రిక చదువువారికి అది అక్కరలేదు. ఆమెకు కథలు మాత్రము మెండు. నాకు పదేండ్లు వచ్చువఱకు ఆమె ముద్ద కలుపుచు చెప్పిన కథలతోనే నేనన్నము తింటిని. తరువాత పుస్తకములు వచ్చినవి. సంస్కృతము వచ్చినది, ఇంగ్లీషు వచ్చినది. వానితోగూడ నాకు ముక్కుమీద కోపమును వచ్చినది.

2003వ సంవత్సరపు గోదావరి పుష్కరములకు మే మందరము కొవ్వూరు గోష్పాద రేవునకు పోయితిమి. నాకప్పు డిరువదిమూడేండ్లు. రేవులో గోదానములు జరుగుచున్నవి. ఒకే బక్క ఆవు. ఉదయమునుండి దాని తోకను పట్టుకొని దానముచేసి రూపాయలిచ్చి పోవువారు వరుసగా నిలిచియున్నారు. దానమైన యావు మరునిమిషముననే మరియొకరి దానమునకు సిద్ధముగా నుండెను. ఆ దృశ్యము చూచి నా రక్తము పొంగినది. ఇప్పుడు చూచినను పొంగును. ఆ విషయమున నాలో మార్పులేదు.

మెట్లమీద అమ్మ తడిచీర పిండుకొనుచు, చుట్టములపిల్లల నారుగురిని కూర్చుండబెట్టుకొని, ఆ రేవునకు గోష్పాదమని పేరు వచ్చిన కథ మొదలుపెట్టినది. గౌతమమహర్షి, కరవు, చేలో మేయవచ్చిన మాయావు, దర్భపోచ తగిలి ఆవు చచ్చుట, గోహత్యాపాపము, శివుని మెప్పించి గంగను తెచ్చి ఆవుమీద పారించుట. త్ర్యంబకము వారు ఆ యావు తమయొద్దనే పడినదందురు. మనవారు కొవ్వూరన గోవూరే యని, ఇచ్చటనే పడినదందురు. అమ్మ మొదట కథాసారమును పిల్లలకు రుచి చూపి, పిదప "అసలు ఆ నీళ్ళగుంట దగ్గర ఏం జరిగిందో తెలుసా?" అని గొంతు తగ్గించినది. పిల్లలు దగ్గరకు జరిగిరి.

నేను కల్పించుకొంటిని.

"అమ్మా, నది పల్లాన్ని బట్టి పోతుంది గాని ఋషి వెనకాల నడవదు. త్ర్యంబకంలో పుట్టి పదునాలుగువందల కిలోమీటర్లు పల్లానికి జారి వచ్చింది. ఆవు చచ్చినా వచ్చేదే, చావకపోయినా వచ్చేదే. పిల్లలకు ఈ కథలు చెప్పబట్టే అక్కడ వాడు ఆవుతోక అద్దెకిస్తున్నాడు."

పిల్లలు గొల్లున నవ్విరి. పెద్దవారిలోను కొందరు నవ్విరి. ఆవుతోక అద్దె యన్నమాట రెండు మూడు నోళ్లలో పడి మెట్లమీదికి ప్రాకినది. నాకు గర్వముగా నుండెను. అమ్మయు నవ్వినది. "అంతేలే నాయనా" అని, చీర దులిపి ఆరవేయుటకు పోయినది.

కోపము లేదు. మాట పట్టింపు లేదు. ఆ తరువాత పదునారేండ్లు బ్రతికినది. నాతో ఎప్పటివలెనే మాట్లాడినది. నా వంటకు, నా జ్వరమునకు, నా పెండ్లికి చేయవలసిన దంతయు చేసినది. కథ మాత్రము చెప్పలేదు. నా కూతురు 2010లో పుట్టినది. దానికి మాటలు వచ్చిన తరువాత "నాయనమ్మా, కథ" అని వెంటపడెడిది. "మీ నాన్న చెప్తాడమ్మా. ఆయన చదువుకున్నాడు, సరిగ్గా చెప్తాడు" అని అమ్మ ముద్ద నోటికందించెడిది. అది ఎత్తిపొడుపని నేను చాలకాలము తలచితిని. కాదు. ఆమె నిజముగనే అట్లు నమ్మినది. నేను చెప్పినది విని, తనకు తెలిసినది తప్పని ఒప్పుకొని, బడిపంతులు తప్పుదిద్దిన పిల్లవలె పలక తుడిచివైచినది. 2019లో ఆమె పోయినది.

సంక్రాంతి సెలవులలో నా కూతురిని వెంటబెట్టుకొని పంగిడికి బయలుదేరితిని. నల్లజర్ల, దేవరపల్లి మీదుగా బస్సు. గూడెము దాటిన కొంతసేపటికి నేల రంగు మారును; వరి వెనుకబడి పొగాకు, ఆయిల్‌పామ్, జీడిమామిడి తోటలు వచ్చును. డెల్టా మనిషికి మెట్ట పరదేశమే. దారిలో నా కూతురు పటము చూచి నవ్వినది. 2022 ఏప్రిలులో జిల్లాలు చీల్చినపుడు దేవరపల్లి, కొవ్వూరు మండలములు తూర్పుగోదావరిలోనికి పోయినవి. గోదావరికి పడమట నున్న యూరు తూర్పుగోదావరి యెట్లయినదని దాని ప్రశ్న. గౌతముడు నదిని తెచ్చెనని నమ్ముటకంటె ఇది నమ్ముట కష్టమని నేనంటిని.

ఇది హిమాలయము కాదు, అరరాతు కాదు. కొండ యనుటకు కొంత ధైర్యము కావలెను. నాలుగైదు తాడిచెట్లను నిలువున పేర్చిన యంత యెత్తు. అందును సగము క్వారీలవారు తినివేసినారు. దూరమునుండి చూచిన, ఎవరో కొరికి విడిచిన బెల్లపుదిమ్మెవలె నుండును. దారి పొడవునను కంకర క్రషర్ల ధూళి; తుమ్మచెట్ల ఆకులు బూడిదరంగు. టిప్పరు పోయినప్పుడెల్ల నా కూతురు ఓణీతో ముక్కు మూసికొనవలసివచ్చెను. అచ్చట పనిచేయు స్త్రీలు తలగుడ్డలతో ముక్కు మూసికొని దినమెల్ల ఉందురు. మా బడిలోని ఆ బాలిక తండ్రి నడిపించు బండ్లు ఇవియే గదా యని తోచినది. మన యిండ్ల పైకప్పులలో, మన బడి గోడలలో, మనము వచ్చిన రహదారిలో ఈ రాయియే ఉన్నది. సహ్యాద్రి నిప్పును మనమందరము కొంచెము కొంచెము కొని తెచ్చుకొని నెత్తిన పెట్టుకొన్నాము.

పాడుపడిన క్వారీ యొకటి వాననీటితో నిండి గుంటయైనది. దాని యొడ్డున ఇద్దరు స్త్రీలు ఒక చదునురాతికై తగవులాడుకొనుచు బట్టలుదుకుచుండిరి. దానిని చుట్టి, రేగుపొదల నడుమనుండి పైకి కాలిబాట కలదు. ఎక్కుటకు అరగంటయైన పట్టదు. కాని నలువదియైదేండ్లవాని మోకాళ్లకు అరగంట చాలును. జారు కంకరమీద రెండుమారులు కూలబడితిని. నా కూతురు చేయి యిచ్చి లేపినది. లేపునపుడు నవ్వకుండుటకు మిక్కిలి శ్రమపడినది.

బాటప్రక్కన పగిలిన బండలను చూచి అది ఆగినది. నల్లని గుండ్రని గడ్డ. దానిచుట్టు పొర, ఆ పొరపై మరియొక పొర, చేత్తో తీసిన ఊడివచ్చును. "మన మార్కెట్‌లో ఉల్లిపాయలా ఉంది నాన్నా" అన్నది. ఈ జాతిరాయి అట్లే శిథిలమగును. మూలలు ముందుగా కరగి, పొరలుపొరలుగా ఊడి, నడుమ గుండు మిగులును. కొన్ని రాళ్లలో చిన్న చిన్న బెజ్జములు. కరగిన రాతిలో బుడగలైన వాయువు తప్పించుకొనలేక చచ్చిన చోట్లవి. కొన్ని బెజ్జములలో తెల్లని స్ఫటికములు పేరుకొన్నవి. నా కూతురు దానిని సూర్యునివైపు త్రిప్పి త్రిప్పి చూచినది.

పైనుండి చూచిన, ఎదుటి క్వారీగోడ నిలువున కోసిన కేకువలె నుండెను. అడుగున నల్లని మందమైన పొర. దానిపై తెల్లగను పసుపుగను నున్న సున్నపుమట్టి పొర. మరల దానిపై నల్లని పొర. అన్నిటిపై ఎఱ్ఱమట్టి. అనగా నిప్పు ఒకమారు వచ్చి చల్లారినది. నడుమ చాలకాలము ఊరకుండినది. ఆ విరామమున సముద్రము ఈ చోటికి వచ్చి నిలిచి, గుల్లలను పెంచి, మట్టిలో పూడ్చినది. మరల నిప్పు వచ్చి వానిని కప్పినది. ఆ నడిమిపొరలోని సూక్ష్మజీవుల గవ్వలను గెర్టా కెల్లరు మొదలైనవారు 2008లో పరీక్షించి, అవి డైనోసారుల వంశము నశించిన వెంటనే బ్రతికినవని నిర్ణయించిరి. ఈ లావాయే వానిని చంపినదా, మెక్సికోలో పడిన ఉల్కయా యనునది పండితులలో నేటికిని తెగని వివాదము. ఆ వివాదమునకు సాక్షులు గౌరీపట్నము కంకరక్వారీలో నున్నారు, తూకమువేసి లారీకెత్తుచున్నారు.

క్రింద రాలిన తెల్లమట్టి పెళ్ళలో నా కూతురికి మరచుట్లు తిరిగిన చిన్నగుల్ల దొరికినది. "కొల్లేటి గుల్లలా ఉందే!" అన్నది. మా చిన్నతనమున గుల్లలు కాల్చి సున్నము చేయుట చూచినవాడను; నాకును అట్లే కనబడినది. కొల్లేటిగుల్లకు మించి దీని వయస్సు ఆరుకోట్ల చిల్లర.

"వెయ్యి కిలోమీటర్లు చల్లారకుండా ఎలా వచ్చింది?" అని అడిగినది.

దీనికి నాయొద్ద సమాధానము కలదు. పాలు కాచి దించిన పిదప పైన మీగడ కట్టును. మీగడక్రింద పాలు ఎంతసేపటికిని వేడిగనే ఉండును. లావామీదను అట్లే పైతట్టు గట్టిపడి కప్పు వేయును. ఆ కప్పు క్రింద, ఉష్ణము పోనీయక, నిప్పు ప్రవహించుచునే ఉండును. పైన నడచినవాని కది రాయి. లోన అది నది. ఈ యుపమానమునకు దానికి తృప్తి కలిగినది. నేను ఉప్పొంగితిని.

ఆ యుప్పొంగులో నా మనస్సునకు చెడు ఆశయొకటి పుట్టినది. గౌతముని నివాసమైన బ్రహ్మగిరి కూడ ఈ జాతి లావారాయియే. అచ్చటినుండి ఇచ్చటికి ఒక ప్రవాహము వచ్చెనని పురాణము, వచ్చెనని శాస్త్రము. ఇక నేమి, ఋషులకు ఇది యంతయు ముందే తెలియునని యొక్క వాక్యము చెప్పితినా, అమ్మకు నేను చేసిన యవమానము తుడిచిపోవును, నా చదువునకు భంగము రాదు, ఇద్దరమును గెలుతుము. ఇట్టి వాక్యములు నేడు ఎంత చౌకగా అమ్ముడుపోవుచున్నవో నా తోటి ఉపాధ్యాయుల గదిలో దినమును వినుచున్నాను. కాని అది అబద్ధము. నిప్పు ఇచ్చటికి వచ్చిననాడు చూచుటకు ఏ ఋషియు లేడు. మనుష్యజాతి పుట్టి మూడులక్షల యేండ్లకు మించలేదు. అది ఏ నది లోయవెంట వచ్చినను నేటి గోదావరి కాదు. అమ్మ కథకు నేను కట్టనెంచిన ఆ శాస్త్రపు పట్టుపంచె ఆమెకు రెండవ యవమానమగును. మొదటిమారు ఆమె కథ చెడ్డ భూగోళమని నవ్వితిని. ఇప్పుడు మంచి భూగోళమని మెచ్చుకొనుటకు సిద్ధపడితిని. ఆ కథ భూగోళమే కాదేమో యన్న యనుమానము రెండుమారులును నాకు రాలేదు.

ఆ యనుమానము నా కూతురు తెచ్చినది. గుల్లను రుమాలులో మూటగట్టుచు, "నాయనమ్మది ఈ ఊరే కదా. ఆవు కథ నాయనమ్మ ఎలా చెప్పేది?" అని అడిగినది.

సారము చెప్పితిని. కరవు, ఆవు, దర్భ, గంగ.

"ఇది నెట్‌లో ఉంది నాన్నా. నాయనమ్మ ఎలా చెప్పేదీ అని."

నా యొద్ద సమాధానము లేదు.

కొండదిగి మేనమామగారి యింటికి పోయితిమి. మామయ్య పోయి చాలకాలమైనది. అత్తయ్యకు ఎనుబదియేండ్లు దాటినవి. చెవులు మందము, చూపు చక్కగనే ఉన్నది. వాకిట తంపట వేసిన తేగల గంప పెట్టుకొని కూర్చున్నది. నన్ను చూచి, "ఏరా, పంతులూ! అమ్మ పోయాక ఈ గడప తొక్కావట్రా?" అని మందలించి, నా కూతురి గడ్డము పట్టుకొని, "అచ్చం వదిన ముక్కే" అన్నది. తేగ చీల్చి, పీచు తీసి, చందమామను దాని చేతిలో పెట్టినది. క్వారీల సంగతి అడిగితిని. "మొన్నమొన్నటిదాకా పొద్దున్నే ఆ కొండ నీడ మన వాకిట్లో పడేదిరా. ఇప్పుడు ఎండ సరాసరి వచ్చి మొహాన కొడుతుంది" అన్నది. అంతకంటె ఆ విషయమున నామె చెప్పదలచుకొనలేదు.

నా కూతురు చెవి దగ్గరకు పోయి అరచినట్లుగా, "అమ్మమ్మా, నాయనమ్మ ఆవు కథ నీకు వచ్చా?" అన్నది.

"గౌతముడిదా? ఎందుకు రాదే! ఈ అరుగు మీద ఎన్నిసార్లు చెప్పిందో. వదిన వచ్చిందంటే ఊళ్ళో పిల్లలంతా ఇక్కడే. పోయే ముందరేడు కూడా వచ్చి చెప్పింది."

పోవుటకు ముందరేడు. అనగా 2018. ఆ వాక్యమును నేను మరియొకమారు చెప్పించుకొనలేదు.

అత్తయ్య మొదలుపెట్టినది. "పన్నెండేళ్ళు వాన లేదు. గౌతముడు వరుణదేవుణ్ణి అడిగితే ఆయన వాన ఇవ్వలేనని, ఒక్క గుంట ఇచ్చాడు. ఎండని గుంట. ఇంకేం, దేశంలో ఋషులంతా పెళ్ళాంపిల్లలతో అక్కడే దిగారు. గౌతముడు కాదనలా. పొద్దున చల్లితే మజ్జాన్నానికి కోతకొచ్చే వడ్లు పండించి అందరికీ పెట్టాడు. గుంట ఒకటి, బిందెలు నూరు. ఓనాడు గౌతముడి దగ్గర చదువుకునే కుర్రాళ్ళు కుండలు పట్టుకుని పోతే, ఆ ఋషుల ఆడవాళ్ళు, మేం తోడుకున్నాకే మీరు అన్నారు. గుంట ఎవరిది, ముందు ఎవరు? కుర్రాళ్ళు ఏడుస్తూ అహల్యమ్మకి చెప్పారు. అహల్యమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. తనే బిందె ఎత్తుకుని వెళ్ళి, నీళ్ళు తోడి, కుర్రాళ్ళకిచ్చి పంపింది. రోజూ తనే వెళ్ళింది. దాంతో వాళ్ళకి ఒళ్ళు మండింది. ఇంటికి పోయి మొగుళ్ళకి లేనిపోనివి కల్పించి చెప్పారు. ఆ మాట పట్టుకునే గదా మొగుళ్ళు ఆవుని తోలింది."

శివపురాణములో ఈ ఘట్టము కలదు. కోటిరుద్రసంహితలో నేను చదివితిని. వరుణుడిచ్చిన గుంటయు, శిష్యులును, ఋషిపత్నుల కలహమును అన్నియు ఉన్నవి. చదివి, ఆడువారి నీళ్ళతగవు గదా యని శ్లోకములు దాటించి, ముందున్న గంగావతరణమునకు పోయితిని. అమ్మ కథలో గంగ చివర రెండు మాటలలో వచ్చెడిదట. కథయంతయు ఆ గుంట యొడ్డుననే. అన్నము పెట్టినవారిమీదనే నింద యెట్లు పుట్టునో, నీళ్ళకు ముందెవరు వెనుకెవరను దానిలో ఎన్ని కాపురములు మునుగునో, నింద మోయుచు బిందె మోయు నాడుది ఏమి తలచునో, ఇది ఆమె కథ. పదునైదవ యేట అత్తవారింటి నూతి దగ్గరకు బిందెతో పోయిన మనిషి అది చెప్పినది. రేవు మెట్లమీద ఆమె గొంతు తగ్గించినది ఇచ్చటనే. నేను నోరు పెంచినదియు ఇచ్చటనే.

నా కూతురు సంచిలోనుండి నోటుపుస్తకము తీసి గబగబ వ్రాసికొనుచున్నది.

"ఆ కల్పించిన మాట దగ్గర వదిన ఆగేది" అని అత్తయ్య నవ్వినది. "వాళ్ళు మొగుళ్ళతో ఏం అబద్ధం చెప్పుంటారో చెప్పండర్రా అని పిల్లల్ని అడిగేది. ఒక్కో పిల్ల ఒక్కోటి చెప్పేది. వాళ్ళమ్మలు ఇళ్ళల్లో చెప్పే అబద్ధాలన్నీ బయటికొచ్చేవి. మేం కడుపుబ్బ నవ్వేవాళ్ళం. అందరూ చెప్పాక, అవేవీ కాదు అని, అప్పుడు తను చెప్పేది. ఒక్కటే మాట. ఆ మాట వినేటప్పటికి ఎవరికీ నవ్వు వచ్చేది కాదు."

"ఏమిటది అమ్మమ్మా?"

అత్తయ్య పెదవులు కదలినవి. చేతిలోని తేగను రెండుమారులు త్రిప్పినది. కొండవైపు చూచినది. పురాణములో ఆ మాట లేదు. వారు తలక్రిందుగా చెప్పిరని మాత్రమే యున్నది. ఏమి చెప్పిరో లేదు.

"నోట్లోనే ఉందే. రావట్లేదు." కొంతసేపు ఊరకుండి, నా వంక తిరిగినది. "నీకు తెలుసుగదరా? ఒక్కగానొక్క కొడుకువి. నీకు చెప్పకుండా ఉంటుందీ?"

క్వారీలో మందుపెట్టుటకు ముందు ఊదెడి కూత వినబడినది. అత్తయ్యకు వినబడలేదు. ఆమె నా సమాధానమునకై చూచుచున్నది. నా కూతురు నా ముఖము చూచి, నోటుపుస్తకములో రెండు పంక్తులు ఖాళీగా విడిచి, క్రిందిపంక్తిలో "అప్పుడు ఋషులు ఆవును తోలిరి" అని వ్రాసికొన్నది.